మందను గాచు వర్గీకరణము

నేడు నంద్యాల జిల్లాలో చేరియున్నను చిరకాలము కర్నూలు సీమకు చెందిన బేతంచెర్ల, తన నాపరాళ్లచేత తెలుగునాట ఎన్నో యిండ్లకు నేలయై నిలిచిన ఊరు. ఆ ఊరికి చేరువనే, ఎఱ్ఱమల కొండల నడుమ, బిల్లసర్గము గుహలు గలవు. న్యూబోల్డు అను సైనికాధికారి 1844లో వానినిగూర్చి లోకమునకు తెలిపెను. నలువదియేండ్లకు పిమ్మట, 1884లో, భూగర్భశాస్త్రజ్ఞుడైన రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అచ్చటి మట్టిపొరలను త్రవ్వించి ప్రాచీన జంతువుల యెముకలను వెలికిదీసిరి. రిచర్డు లైడెక్కరు అను పండితుడు ఆ యెముకలను, దంతములను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఏది యే జంతువుదో నిర్ణయించి, జాతులవారీగా విభజించి 1886లో ప్రకటించెను. అందు నశించిపోయిన యొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టబడినది.

ఫుట్ దొర ఈ గుహలను త్రవ్వించిన 1884వ సంవత్సరముననే, బెర్లిను నగరమున హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అను డెన్మార్కు దేశపు వైద్యుడు, కంటికి కానరాని సూక్ష్మజీవులను రంగులతో వేఱుపఱచు నొక పద్ధతిని ప్రకటించెను. ఈ రెండు కార్యములకు ఒకదానితో నొకటి సంబంధము లేదు. అయినను రెండింటికిని మూలము ఒక్కటే జిజ్ఞాస: ఇది యేది, దీని చుట్టములెవరు, దీనిని ఎచ్చట నుంచవలెను? ఎముకకు ఆకారము గలదు, దంతమునకు గుఱుతులు గలవు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు కొలత గలిగి, ఎముకయు దంతమును లేక, చూచుటకు చాలవఱకు ఒక్క తీరుగనే యుండు బాక్టీరియాను జాతులుగా విభజించుట యెట్లు? విభజించినందున గొఱ్ఱెలు కాచుకొని బ్రదుకు కుటుంబమునకు కలుగు మేలేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

బేతంచెర్ల మొదలుకొని బనగానపల్లె, కొలిమిగుండ్లల మీదుగా కడప జిల్లాలోని జమ్మలమడుగు దాక పఱచుకొనియున్న మెట్టభూములలో, వాననే నమ్మి వేసిన పైరు వట్టిపోయిన యేట ఇల్లు నిలుపునది గొఱ్ఱెల మంద. 2019వ సంవత్సరపు పశుగణనమున ఆంధ్రప్రదేశమునందలి గొఱ్ఱెల సంఖ్య సుమారు 1.76 కోట్లు, తెలంగాణము తరువాత దేశమున రెండవ స్థానము మనదే. కోతలు ముగిసిన పిమ్మట ఎరువుకై పొలములలో మందలను నిలుపుటయు, ఎండలు ముదిరినప్పుడు కర్నూలు-కడప కాలువ క్రింది మాగాణులవైపు తోలుకొనిపోవుటయు, తొలకరికి మరల గట్లకు చేరుటయు ఈ సీమ కాపరుల జీవనక్రమము. ఇట్లు మంద నడచుచుండగా మందతో పాటు రోగమును నడచును. కొన్ని రోగములు మాత్రము నేలలోనే కాచుకొనియుండి, మంద తమ కడకు వచ్చు దినమునకై యెదురుచూచును.

ఈ రోగములకు కాపరులు ఏనాడో పేర్లు పెట్టిరి. దొమ్మ, జబ్బవాపు, గొంతువాపు, చిటుకు రోగము, పొదుగువాపు, గాలికుంటు అను నామములు శాస్త్రగ్రంథములకంటె పాతవి. ఇదియు వర్గీకరణమే. ఏ యవయవము వాచినది, ఎంత వేగముగా ప్రాణము పోయినది, ఏ ఋతువున వచ్చినది, లేతవానికా ముదురువానికా సోకినది అను లక్షణములనుబట్టి తరతరముల పరిశీలనమున యేర్పడిన వర్గీకరణము. తొలకరి వానలకు పచ్చిక మొలచి, బలిసిన గొఱ్ఱెపిల్ల రాత్రి బాగుండి తెల్లవారుసరికి చచ్చిపడియుండుట చిటుకు రోగమని కాపరి యెఱుగును. వయసులోనున్న దిట్టమైన కోడెకు తొడయో జబ్బయో వాచి, ఒత్తినచో లోపల గాలిబుడగలు చిటపటలాడిన యెడల అది జబ్బవాపని ఎఱుగును. ఈ జ్ఞానమును చులకన చేయుటకు ఏ శాస్త్రజ్ఞునకును అధికారము లేదు.

కాని లక్షణములపై నిలిచిన వర్గీకరణమునకు ఒక హద్దు గలదు. ఒకే లక్షణమునకు పలు కారణములు ఉండవచ్చును. నిన్నటి సాయంకాలము మేసిన గొఱ్ఱె నేటి యుదయమునకు చచ్చినదన్న నది దొమ్మ కావచ్చును, చిటుకు రోగము కావచ్చును. వాన వెనుకబడి గిడసబాఱిన లేత జొన్నను మేసినందున నాము పట్టి చచ్చినదియు కావచ్చును. మొదటి రెండింటికి కారణము రెండు వేఱువేఱు బాక్టీరియా. మూడవదానికి కారణము ఏ జీవియు కాదు, జొన్నలోని సయనైడు. గాలికుంటు, పి.పి.ఆర్., నీలినాలుక మొదలగునవి వైరసులవలన కలుగునవి. వానిని కలిగించు జీవిని ఏ యాంటీబయోటిక్ మందును చంపజాలదు. చూపునకు మరణము ఒక్కటే. చేయవలసిన పని మాత్రము నాలుగు విధములు. కావున లక్షణమును దాటి కారణమును పట్టుకొను వర్గీకరణము అవసరమైనది.

ఆ వర్గీకరణమునకు పునాది పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పడినది. 1872లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండు కోన్ బాక్టీరియాను ఆకారమునుబట్టి గోళములు, దండములు, మెలికలు అని విభజించెను. 1876లో రాబర్టు కోహ్, ఒక చిన్న ఊరిలో వైద్యము చేయుచు, తన యింటిలోనే అమర్చుకొన్న పరికరములతో, దొమ్మరోగమునకు కారణము ఒక దండాకార జీవియేయని నిరూపించెను. ఒక నిర్దిష్టమైన రోగమునకు ఒక నిర్దిష్టమైన బాక్టీరియా కారణమని నిస్సందేహముగా స్థాపింపబడిన తొలి యుదాహరణములలో ఇది ప్రధానమైనది. 1881లో లూయీ పాశ్చరు ఫ్రాన్సు దేశమున పూయీ-ల్-ఫోర్ అను పల్లెలో, ప్రజలయెదుట, టీకా వేసిన గొఱ్ఱెలు దొమ్మనుండి బ్రదుకుటను, వేయని గొఱ్ఱెలు మరణించుటను ప్రదర్శించెను. ఆధునిక సూక్ష్మజీవశాస్త్రము గొఱ్ఱెల మందల నడుమ పెరిగిన శాస్త్రమని మన కాపరులు సగర్వముగ చెప్పుకొనవచ్చును.

ఆకారము ఒక్కటియే చాలదని శీఘ్రముగనే తేలిపోయినది. దండాకారము గలవి లెక్కకు మిక్కిలి. అట్టి తరుణమున గ్రామ్ పద్ధతి సహాయమునకు వచ్చినది. గాజుపలకపై పూసిన నమూనాకు మొదట ఊదారంగును, ఆపై అయోడినును పట్టించి, పిమ్మట ఆల్కహాలుతో కడుగుదురు. కణమునకు దళసరి గోడ గల బాక్టీరియా ఆ యూదారంగును విడువవు. పలుచని గోడయు దానిపై మఱియొక పొరయు గలవి రంగును విడిచివేయును. రంగు విడిచినవానికి ఎఱ్ఱరంగు అద్దుట తరువాతివారు చేర్చిన మెఱుగు. ఇట్లు ఊదారంగున కనబడునవి గ్రామ్ పాజిటివు, ఎఱ్ఱగా కనబడునవి గ్రామ్ నెగటివు అని రెండు మహావర్గములు ఏర్పడెను. కొద్ది నిమిషములలో ముగియు ఈ పరీక్ష, నూట నలువదియేండ్లు దాటినను, నేటికిని పశువైద్యుని ప్రయోగశాలలో మొదటి మెట్టు. ఏలయన కణపుగోడ యెట్టిదో తెలిసినచో, ఏ మందు దానిని భేదింపగలదో చాలవఱకు ఊహింపవచ్చును.

రెండవ మెట్టున అడుగు ప్రశ్నలు రెండు: ఈ జీవి సిద్ధబీజములను కట్టుకొనునా? దీనికి ప్రాణవాయువు కావలయునా, అక్కఱలేదా? దొమ్మకు కారణమైన బాసిల్లస్ ఆంత్రాసిస్, జబ్బవాపునకు కారణమైన క్లాస్ట్రిడియం షోవియై, రెండును గ్రామ్ పాజిటివు దండములే, రెండును సిద్ధబీజములు కట్టునవే, రెండును నేలలో దీర్ఘకాలము నిలుచునవే. పూర్వకాలమున ఐరోపాలో ఈ రెండు రోగములను ఒక్కటిగా భావించినవారు గలరు. కాని మొదటిది గాలి తగిలిన చోట వర్ధిల్లును. రెండవది గాలి సోకని లోతు కండరములలోనే పెరిగి, అచ్చట వాయువును పుట్టించి వాపు కలిగించును. ఈ చిన్న భేదమునుండియే పశుపాలకునకు ప్రాణప్రదమైన యొక నియమము వెలువడినది. దొమ్మతో చచ్చిన పశువు దేహములోపల నున్నంతకాలము ఆ జీవి సిద్ధబీజములు కట్టజాలదు; దేహము కుళ్లుకొలది అది నశించిపోవును. కత్తి పెట్టి కోసి నెత్తురును గాలికి చూపినచో, ఆ నెత్తురులోని కోట్లకొలది దండములు సిద్ధబీజములై నేలలో ఇంకి, దశాబ్దముల పర్యంతము ఆ గట్టును విషభూమిగా నిలుపును. కోసిన చేతికిని, తోలు ఒలిచిన చేతికిని, మాంసము తిన్న నోటికిని దొమ్మ అంటును. ముక్కునుండియో గుదమునుండియో గడ్డకట్టని నల్లని నెత్తురు కారుచు హఠాత్తుగా చచ్చిన పశువును కోయరాదన్న ఆజ్ఞకు వెనుక నున్నది ఈ వర్గీకరణ జ్ఞానమే.

అట్టి సందర్భమున పశువైద్యుడు చెవినుండి ఒక్క బొట్టు నెత్తురు తీసి గాజుపలకపై పూయును. 1903లో మెక్‌ఫాడియన్ అను పశువైద్య పండితుడు చూపిన విధమున దానికి పాతబడిన మెథిలీన్ బ్లూ రంగు పట్టించినచో, నీలిదండముల చుట్టును గులాబివన్నె తొడుగు గోచరించును. ఆ తొడుగే దొమ్మజీవి గుఱుతు. ఇచ్చట మఱియొక చిక్కు గలదు. నేలలో విరివిగా నుండు బాసిల్లస్ సీరియస్ అను జీవి దొమ్మజీవికి అతిసన్నిహిత బంధువు. పత్తి రైతులందఱు ఎఱిగిన బి.టి. పత్తికి ఆ జన్యువునిచ్చిన బాసిల్లస్ థురింజియెన్సిస్ సైతము ఆ కుటుంబములోనిదే. జన్యువులలో ఈ మూడును ఇంచుమించు ఒక్కటియే యనదగినంత పోలికగలవి. కాని దొమ్మజీవి కదలదు, నెత్తురు కలిపిన పోషకముపై పెంచినప్పుడు ఎఱ్ఱకణములను కరగింపదు. సీరియస్ కదలును, కరగించును. అంతకు మించి, దొమ్మజీవిలో ప్రధాన జన్యుసముదాయమునకు వెలుపల రెండు చిన్న జన్యువలయములు గలవు: ఒకటి విషమును పుట్టించును, రెండవది తొడుగును నిర్మించును. 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తొడుగు కట్టు శక్తిని కోల్పోయిన దొమ్మజీవిని వేఱుచేసెను. రోగము కలిగింపలేని ఆ జీవినుండి తయారైన టీకాయే నేటికిని మన మందలకును, లోకమునందలి మందలకును రక్షణమిచ్చుచున్నది. హంతకునకు, దాని నిరపాయకర బంధువునకు నడుమ గీత యెచ్చట గీయవలెనో తెలిసికొనుటవలన కలిగిన ఫలమిది.

గ్రామ్ నెగటివు వర్గమున మనకు ముఖ్యమైనది గొంతువాపు కలిగించు పాశ్చరెల్లా మల్టోసిడా. పాశ్చరు పేరును ధరించిన ఈ జాతి, రంగు పట్టించినప్పుడు దండమునకు రెండు కొనలయందే వన్నె చిక్కబడి కనబడును. ఒకే జాతియైనను దీని స్వభావము అన్నిచోట్ల ఒక్కటి కాదు. పాశ్చరు కోళ్ల కలరాకు టీకా కనుగొన్నది ఈ జాతిపైననే. ఆరోగ్యవంతములైన జంతువుల గొంతులో ఇది నిరపాయముగా నివసించుటయు గలదు. ఈ వైవిధ్యమును విడదీయుటకు కార్టరు అను శాస్త్రజ్ఞుడు 1955 ప్రాంతమున పైతొడుగు భేదములనుబట్టి దీనిని తరగతులుగా విభజించెను. ఆసియాలో ఎద్దులను, గేదెలను వానకాలమున గుంపులుగా చంపు గొంతువాపునకు కారణము బి:2 అను తరగతి; ఆఫ్రికాలో అదే రోగమును ఎక్కువగా ఇ:2 తరగతి కలిగించును. టీకాను ఏ తరగతి జీవినుండి తయారుచేయవలెనో ఈ నిర్ణయము చెప్పినది.

చిటుకు రోగము మఱియొక పాఠము నేర్పును. దీని కారణజీవియైన క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ ఆరోగ్యవంతమైన గొఱ్ఱె ప్రేవులలోనే కాపురముండును. పశువు చచ్చిన పిమ్మట విజృంభించి పెరుగును. కావున శవమునందు ఆ జీవి కనబడినంతమాత్రమున అదియే చంపినదని తీర్పు చెప్పరాదు. అందుచేత ఈ జాతిని ఆకారముచేత గాక, అది పుట్టించు విషములచేత ఎ, బి, సి, డి మొదలగు తరగతులుగా విభజించిరి. గొఱ్ఱెలలో చిటుకునకు ముఖ్యకారణము డి తరగతి పుట్టించు ఎప్సిలాన్ విషము. కఱవు మేత మేసిన గొఱ్ఱె ఒక్కసారిగా లేతపచ్చికనో గింజలనో కడుపునిండ తిన్నచో, ప్రేవులలో ఈ జీవి అతివేగముగా పెరిగి, ఆ విషము నెత్తురులో కలిసి మెదడును మూత్రపిండములను దెబ్బతీయును. అతితీవ్రమగుటచేత చికిత్సకు వ్యవధియుండదు. వానలకు ముందే వేయు టీకాయు, మేతను మెల్లమెల్లగా మార్చుటయు మాత్రమే శరణ్యములు. కారణము పచ్చికలో లేదు, పచ్చిక దొరకిన వేగములో ఉన్నదని కాపరికి చెప్పగలిగినది ఈ విభజనమే.

వర్గీకరణములోని పొరపాటు మనుష్యుల ప్రాణముల మీదికి వచ్చిన చరిత్రయు గలదు. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు మాల్టా ద్వీపమున సైనికులకు వచ్చు దీర్ఘజ్వరమునకు కారణమైన జీవిని కనుగొని, అది గోళాకారముగా తోచుటచేత మైక్రోకాకస్ అను వర్గమున చేర్చెను. 1905లో జామిట్ అను మాల్టా వైద్యుడు ఆ జీవి మేకలలో నుండుటను కనిపెట్టెను. ఇటు డెన్మార్కులో బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లో ఆవులు ఈసుకుపోవుటకు కారణమైన జీవిని కనుగొని, అది దండాకారమని బాసిల్లస్ వర్గమున చేర్చెను. మేకలదొక గూడు, ఆవులదొక గూడు. రెండింటిని పోల్చి చూడవలెనన్న తలంపు ఇరువది సంవత్సరముల దాక ఎవ్వరికిని కలుగలేదు. అమెరికాలో పాలపరిశోధన శాఖయందు పనిచేయుచుండిన ఆలిస్ ఈవన్స్ అను శాస్త్రజ్ఞురాలు ఆ రెండు జీవులను ప్రక్కప్రక్కన పెంచి పరీక్షించి, అవి అతిసన్నిహితములని 1918లో ప్రకటించి, కాచని ఆవుపాలవలన మనుష్యులకును ఆ జ్వరము రావచ్చునని హెచ్చరించెను. ఆమెకు డాక్టరేటు లేదని, ఆమె స్త్రీయని, ఆ మాటను పలువురు త్రోసిపుచ్చిరి. ఆమెయే 1922లో ఆ జ్వరమునకు గురియై అనేక సంవత్సరములు బాధపడెను. చివరకు సత్యము గెలిచినది. ఆ రెండు జీవులును బ్రూసెల్లా అను ఒక్క ప్రజాతిలో చేరినవి. 1928లో ఆమె అమెరికా బాక్టీరియా శాస్త్రజ్ఞుల సంఘమునకు తొలి మహిళాధ్యక్షురాలయ్యెను. మన దేశమున 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమమున నాలుగు మొదలు ఎనిమిది నెలల వయసుగల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేయుచున్నారు. పాలు కాచి త్రాగవలెనన్న నియమము, ఈసుకుపోయిన పిండమును వట్టిచేతులతో తాకరాదన్న నియమము ఆ మహనీయురాలు సరిదిద్దిన వర్గీకరణమున బలపడినవి.

మందు ఎన్నుకొనుటయందును ఇదే విచక్షణము కావలెను. మేకలకు వచ్చు ఊపిరితిత్తుల రోగములలో ఒకదానికి కారణమైన మైకోప్లాస్మాకు కణపుగోడయే లేదు. పెన్సిలిను పనిచేయునది గోడకట్టుటను అడ్డగించుటచేత. గోడయే లేని జీవిని అదేమి చేయగలదు? అదే పెన్సిలిను దొమ్మకు సకాలమున ఇచ్చినచో పశువును బ్రదికింపగలదు. రోగమేదో తెలియకయే అంగడినుండి సూదిమందు తెచ్చి పొడిపించుటవలన ధనము వ్యర్థమగుటయే గాక, మందులకు లొంగని బాక్టీరియా వృద్ధియై, ఆ ముప్పు మనుష్యుల ఆసుపత్రుల దాక వచ్చుచున్నది.

శాస్త్రము ఇచ్చటితో ఆగలేదు. 1923లో వెలువడిన బెర్గీ నిర్ణయగ్రంథము ఆకారము, రంగు, ఆహారము, చక్కెరలను పులియజేయు శక్తి మొదలగు గుణములనుబట్టి బాక్టీరియాను పేర్చినది. 1977లో కార్ల్ వోజ్, జార్జి ఫాక్స్ అనువారు ప్రతి జీవకణములోనుండు రైబోసోములోని ఆర్.ఎన్.ఎ. వరుసలను పోల్చి, జీవుల వంశవృక్షమునే తిరిగి వ్రాసిరి. నాటినుండి పేర్లు మాఱుచున్నవి, గూళ్లు మాఱుచున్నవి. 2020లో ఓక్రోబాక్ట్రం అను ప్రజాతిని జన్యుసామ్యమునుబట్టి బ్రూసెల్లాలో కలిపివేయవలెనని కొందఱు ప్రతిపాదింపగా, అంతగా హానిచేయని జీవియు ఘోరవ్యాధికారకమును ఒక్క పేరు క్రిందికి వచ్చినచో చికిత్సాలయములలో ప్రమాదము వాటిల్లునని మఱికొందఱు గట్టిగా ఆక్షేపించిరి. ఇరువాదములందును న్యాయము గలదు. చుట్టఱికమును చెప్పు వర్గీకరణము సత్యమునకు దగ్గఱ. అపాయమును చెప్పు వర్గీకరణము ప్రాణమునకు దగ్గఱ. పశువైద్యునకు రెండును కావలెను. రెండును ఘర్షించిన చోట ప్రాణము పక్షమున నిలుచుటయే ఆతని ధర్మమని నా దృఢమైన అభిప్రాయము.

మన దేశమున ఈ విద్య 1889లో పూనాయందు స్థాపింపబడిన బాక్టీరియా పరిశోధనశాలతో వేళ్లూనినది. 1893లో అది హిమాలయ ప్రాంతమున ముక్తేశ్వరమునకు తరలి, నేటి భారతీయ పశువైద్య పరిశోధన సంస్థయైనది. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రములో నుండిన కాలమున, 1932లో రాణిపేటలో పశువుల టీకాలు తయారుచేయు సంస్థ వెలసినది. 1955లో తిరుపతి పశువైద్య కళాశాల, 2008లో కడప జిల్లా ప్రొద్దుటూరున మఱియొక కళాశాల యేర్పడుటచేత, ఈ విద్య ఈ మెట్టసీమ వాకిటికే వచ్చి నిలిచినది. ఇక అది గడప దాటి మంద దాక రావలెను.

అట్లు రావలెనన్న పశువైద్యునకు కాపరి తోడ్పడవలెను. పశువు చచ్చిన వెంటనే, తోలు ఒలువకమునుపే, కబురు పంపవలెను. ఏ గట్టున మేసినది, ఏ మేత మాఱినది, ఎన్ని దినముల క్రిందట వాన పడినది, మందలో ఎన్ని పిల్లలు, ఎన్ని ముదురులు పడినవి అను వివరములు దాచక చెప్పవలెను. గొంతువాపు టీకా జబ్బవాపును ఆపదు, జబ్బవాపు టీకా చిటుకును ఆపదు. ఏ జీవికి ఆ టీకాయే వేయవలెను, తొలకరికి ముందుగనే వేయవలెను. ప్రభుత్వము తన వంతున, మండలపు పశువైద్యశాలలో సూక్ష్మదర్శినియు, రంగులును, నమూనాను చల్లగా జిల్లాకు పంపు సదుపాయమును కొఱతలేక యుండునట్లు చూడవలెను. బాక్టీరియా వర్గీకరణమున మొదటి పంక్తి వ్రాయునది గట్టుమీది కాపరి పరిశీలనము. చివరి పంక్తి వ్రాయునది ప్రయోగశాల. ఈ రెండు పంక్తులు కలిసిన దినమున, ఒక గొఱ్ఱె చావు మందయంతటి చావు కాకుండ నిలుచును.